పేరూ, ఊరూ, మాటా

వయోమింగ్ రాష్ట్రం ఎవరికీ అక్కర్లేకపోయింది. అందుకే అది ఆల్మా స్టెన్వాల్ నెత్తిన పడింది.

నాలుగేళ్ళకోసారి, దేశాధ్యక్షుడి ఎన్నిక జరిగే ఏడాది వసంతంలో, ఓహియోలోని వెండ్‌హామ్ కాలేజీ రెండు రోజులు చదువు కట్టిపెట్టేది. వేసవిలో అసలు పార్టీలు చేసే మహాసభని పిల్లలు ముందుగా తామే చేసి చూసేవారు. అందరూ రాష్ట్రాలుగా విడిపోయేవారు. జెండాలు, బాకాలు, గొంతు చించుకునే ఉపన్యాసాలు, చాటుమాటు బేరాలు, అన్నీ అసలు సభలో ఉన్నట్టే. ముందు దేశం ఏం చెయ్యాలో తీర్మానాలు, ఆ తర్వాత అధ్యక్ష పదవికి అభ్యర్థి. పంతొమ్మిదివందల నలభై నాలుగులో మగపిల్లలంతా యుద్ధంలో ఉండడంతో ఆ వేడుక చప్పగా గడిచిపోయిందట. నలభై ఎనిమిదికి కాలేజీ పొంగిపొర్లుతోంది. యుద్ధం చేసొచ్చినవాళ్ళు ప్రభుత్వం ఖర్చుతో చదువుకోవడానికి వచ్చి పడ్డారు. వాళ్ళలో కొందరికి పెళ్ళాం పిల్లలు కూడా. మైదానం వెనక సైన్యం వదిలేసిన రేకుల ఇళ్ళలో వాళ్ళ కాపురాలు. తరగతిలో పద్దెనిమిదేళ్ళ పిల్ల పక్కన, జర్మనీ మీద బాంబులు వేసొచ్చిన మనిషి కూర్చుని లాటిన్ క్రియలు వల్లెవేస్తుండేవాడు.

ఎవరు ఏ రాష్ట్రమో చీటీలు తీసి తేల్చారు. బృందానికో ముఖ్యుడు ఉండాలి. న్యూయార్క్, పెన్సిల్వేనియా లాంటి పెద్ద రాష్ట్రాల్లో ఆ పదవికి కొట్టుకున్నారు. వయోమింగ్‌లో ఉన్నది తొమ్మిదిమంది. అక్షరక్రమంలో సాగే ఓట్ల పిలుపులో అదే ఆఖరి రాష్ట్రం. అక్కడికి వచ్చేసరికి ఫలితం ఎప్పుడో తేలిపోయి ఉంటుంది. "నువ్వుండు" "నువ్వుండు" అని ఒకళ్ళనొకళ్ళు తోసుకుని, చివరికి అందరూ ఆల్మా వైపు తిరిగారు. కాదనడం చేతకాని పిల్లని చూస్తే ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది.

"నువ్వు ముఖ్యురాలివా?" గదిలో ఆమెతో ఉండే విన్నీ ఓట్స్ మంచం మీద దొర్లి దొర్లి నవ్వింది. "మొన్న భోజనాల దగ్గర ఉప్పు అడగడానికే మొహమాటపడి చప్పిడి పులుసు తాగావు కదే!"

"ఉప్పు నాక్కావాలని నేను అడగాలి. ఇక్కడ నన్నే ఎవరో అడుగుతారు. తేలికే" అంది ఆల్మా.

ఆల్మాది మిషిగన్ ఉత్తరాన పైన్ లెడ్జ్ అనే ఊరు. ఇనప ఖనిజం గనుల ఊరు. ఆమె చిన్నప్పుడు ఆ గనుల్లో సమ్మె జరిగింది. సమ్మె కూటంలో లేచి నిలబడి పేరు చెప్పుకుని మాట్లాడినవాళ్ళలో ఆమె తండ్రి ఒకడు. సమ్మె విరిగిపోయాక మిగతావాళ్ళు గనిలోకి దిగారు. పేరు చెప్పుకున్నవాళ్ళకి మాత్రం ఆ చుట్టుపక్కల ఏ గనిలోనూ పని దొరకలేదు. "ఎర్రవాడు", అంటే కమ్యూనిస్టు, అన్న మచ్చ ఒకటి పైన పడింది. ఆయన అడవిలో దుంగలు కొట్టి సంసారాన్ని ఈదాడు. ఆ ఇంట్లో పిల్లలకి ఉగ్గుపాలతో పోసిన సుద్ది ఒక్కటే: నలుగురిలో నోరు విప్పకు, విప్పినా పేరు చెప్పకు.

ఆల్మా చదువు ఖర్చు హాడన్ ప్రూయెట్ అనే పెద్దాయన భరిస్తున్నాడు. పింగాణీ కార్ఖానా యజమాని, కాలేజీ ధర్మకర్తల్లో ఒకడు. ఏటా ఇద్దరు బీద పిల్లల్ని చదివిస్తాడు. తిండి ఖర్చు కోసం ఆల్మా కాలేజీ భోజనశాలలో వడ్డన పని చేస్తుంది. మహాసభ చూడ్డానికి ఆయన వస్తున్నాడని అప్పటికే అందరికీ తెలుసు.

సభకి ముందురోజు థేయర్ కోల్‌గ్రోవ్ ఆమెని వెతుక్కుంటూ గ్రంథాలయానికి వచ్చాడు. కాలేజీ కుర్రాళ్ళ సంఘాల్లోకెల్లా పెద్ద సంఘానికి అతను నాయకుడు, న్యూయార్క్ బృందానికి ముఖ్యుడు. అందగాడు, మాటకారి, తండ్రి కొలంబస్‌లో పేరున్న వకీలు. ఎప్పటికైనా సెనేటర్ అవుతాడని ప్రొఫెసర్లే అనేవారు.

"ఆల్మా, నీకు శ్రమ లేకుండా చేద్దామని వచ్చాను" అన్నాడు కుర్చీ లాక్కుంటూ. "రేపు ఆ జాతుల తీర్మానం వస్తుంది చూడు, దానికి నువ్వు 'వయోమింగ్ మొత్తం కాదు' అని, అంటే తొమ్మిది ఓట్లూ వ్యతిరేకమని, చెప్పి కూర్చో. అంతే."

"ఏ తీర్మానం?"

"అదే. రంగు చూసి ఎవర్నీ హోటల్లోంచి గానీ, రైలు పెట్టెలోంచి గానీ, ఓటు పెట్టె దగ్గర్నుంచి గానీ వెళ్ళగొట్టకూడదు, దేశం మొత్తానికీ ఒకటే చట్టం చెయ్యాలి, అని. మంచిదే, నేను చెడ్డదనలేదు. కానీ దక్షిణాది రాష్ట్రాల వాళ్ళు దానికి ఒప్పుకోరు, వాళ్ళు లేచి వెళ్ళిపోతే మేం నిలబెడుతున్న గవర్నర్‌కి అధ్యక్ష అభ్యర్థిత్వం రాదు. పైగా రేడియో వాళ్ళొస్తున్నారు. ధర్మకర్తలొస్తున్నారు. ఇలాంటి తీర్మానాలు ఎర్రవాళ్ళు ఎగదోస్తారని మీ ప్రూయెట్ గారి నమ్మకం."

ఎర్రవాళ్ళు అన్న మాట వినగానే ఆల్మా చెవులు వేడెక్కాయి. అతను కావాలని అన్నాడో, మామూలుగా అన్నాడో ఆమెకి అర్థం కాలేదు.

"మా బృందంలో వాళ్ళని అడగద్దా?" అంది నెమ్మదిగా.

"అడిగితే తొమ్మిదిమందీ తొమ్మిది మాటలు చెప్తారు. రాజకీయమంటే అడక్కుండా ఉండడమే తల్లీ" అని నవ్వి, ఆమె పుస్తకం మీద వేలితో మీటి వెళ్ళిపోయాడు.

ఆమె అడగలేదు.

శనివారం పొద్దున ఊరేగింపు. రాష్ట్రానికో జెండా, జెండాకో గోల. కాన్సస్ వాళ్ళు పొద్దుతిరుగుడు పూలు కాగితంతో చేసుకున్నారు. మెయిన్ వాళ్ళు ఓ పడవని భుజాల మీద మోసుకొచ్చారు. టెక్సాస్ వాళ్ళు ఎక్కణ్ణుంచో ఓ ఆవుదూడని పట్టుకొస్తే అది మంగలి దుకాణం ముందు మొరాయించి కదల్లేదు. దుకాణదారు బయటికొచ్చి "దీనిక్కూడా క్షవరం చెయ్యమంటారా?" అని అరిచాడు. అందరూ నవ్వారు. ఆ దుకాణంలో తెల్లవాళ్ళకి తప్ప క్షవరం చెయ్యరని కాలేజీలో ఉన్న ముగ్గురు నల్లజాతి విద్యార్థులకీ బాగా తెలుసు. మిగతావాళ్ళకి అది పట్టించుకోవాల్సిన విషయమని అనిపించినట్టు లేదు.

సభ జరిగింది బాస్కెట్‌బాల్ ఆడే పెద్ద హాల్లో. లోపలికి అడుగుపెట్టిన ఆల్మా గుమ్మంలోనే ఆగిపోయింది. నిన్నటిదాకా చెమట కంపు కొట్టిన హాలు అది. ఇప్పుడు పైకప్పు ఇనప దూలాల నుంచి నేలదాకా గుడ్డ పతాకాలు వేలాడుతున్నాయి. కర్ర స్తంభాల మీద నలభై ఎనిమిది రాష్ట్రాల పేర్లు అడవిలో చెట్లలా లేచి నిలబడ్డాయి. వాటి కింద కాలేజీలో ఉన్న మనిషన్నవాడల్లా ఉన్నాడు. పొద్దున తను రొట్టె వడ్డించిన వాళ్ళే. అయినా వాళ్ళందర్నీ ఒక్కచోట చూస్తే వాళ్ళెవరో, ఇదెక్కడో ఒక్క క్షణం ఆమెకి తెలియలేదు.

వేదిక మీద అధ్యక్షస్థానంలో ప్రొఫెసర్ హ్యాథర్లీ ఉన్నాడు. రాజనీతి చెప్పే ముసలాయన, చేతిలో కొయ్య సుత్తి, ముందు నిబంధనల పుస్తకం. పక్కన నల్లబల్ల మీద ఔనులూ కాదులూ రాయడానికి ఒక అమ్మాయి. పై వరండాలో ముందు వరసలో, టోపీ మోకాలి మీద పెట్టుకుని హాడన్ ప్రూయెట్ గారు.

తీర్మానం మీద ఉపన్యాసాలు మధ్యాహ్నానికి అయిపోయాయి. ఓట్ల పిలుపు మొదలైంది.

"అలబామా!"

"అధ్యక్షా! పత్తి పూల రాష్ట్రం, అందాల రాష్ట్రం అలబామా మొత్తం ఓట్లన్నీ కాదు!"

ఈలలు, చప్పట్లు. అరిజోనా కాదు. అర్కాన్సాస్ కాదు. కాలిఫోర్నియా ముఖ్యుడు నారింజకాయ ఒకటి గాల్లోకి విసిరి "మొత్తం కాదు" అన్నాడు. విన్నీ ఆ బృందంలోనే ఉంది. ఆమె మూతి ముడుచుకోవడం ఆల్మాకి దూరం నుంచే కనిపించింది. కొన్ని రాష్ట్రాలు ఔనన్నాయి గానీ, కోల్‌గ్రోవ్ పని పకడ్బందీగా చేశాడు. నల్లబల్ల మీద కాదులు గుట్టగా పెరుగుతున్నాయి. వెనక వరసల్లో కొందరు పేకముక్కలు బయటికి తీశారు.

"మిసిసిపీ!"

మిసిసిపీ ముఖ్యుడు కోల్‌గ్రోవ్ సంఘం కుర్రాడే. "అధ్యక్షా, మిసిసిపీ మొత్తం కాదు" అని గబగబా అనేసి కూర్చోబోయాడు.

"అధ్యక్షా!"

ఆ గొంతు పెద్దదేం కాదు. మిసిసిపీ స్తంభం వెనక నుంచి పొడుగాటి మనిషొకడు లేచాడు. క్లెమెంట్ యాన్సీ. రసాయనశాస్త్రం చదువుతున్నాడు. యుద్ధంలో ఇటలీ కొండల్లో లారీలు నడిపాడు. నల్లజాతివాడు. చీటీ ఆడిన ఆట వల్ల, నల్లవాళ్ళని అందరికంటే ఎక్కువ తొక్కిపెట్టే మిసిసిపీలోనే పడ్డాడు. ఆ సంగతి మీద నెల్లాళ్ళుగా కాలేజీలో జోకులు నడుస్తున్నాయి.

"మా ముఖ్యుడు చెప్పిన లెక్క మీద నాకు అనుమానం ఉంది. మా బృందాన్ని పేరుపేరునా అడగమని కోరుతున్నాను" అన్నాడు.

ప్రొఫెసర్ హ్యాథర్లీ కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "ప్రతినిధి ఎవరైనా సరే అలా అడగొచ్చు. నిబంధన ఉంది. నేను ఇన్నేళ్ళలో ఎవరూ అడగగా చూడలేదు" అని బృందం పేర్లున్న కాగితం తెప్పించాడు. "ఒక్కొక్కరే లేచి పేరు చెప్పండి, ఓటు చెప్పండి. మిస్టర్ యాన్సీ, అడిగింది మీరు కాబట్టి మీతోనే మొదలు."

"నా పేరు క్లెమెంట్ యాన్సీ. ఓహియోలో డేటన్ మా ఊరు. మా అమ్మ పుట్టింది మిసిసిపీలోనే. అక్కడున్నన్నాళ్ళూ ఆవిణ్ణి ఒక్కసారి కూడా ఓటు వెయ్యనివ్వలేదు. కానీ నేనిప్పుడు చెప్పేది ఆవిడ మాట కాదు. నా మాట. ఔను."

పేకముక్కలు ఆగిపోయాయి.

అతని పక్కన ఫుట్‌బాల్ ఆడే కుర్రాడొకడు ఉన్నాడు. నలుగురిలో లేవడం అలవాటు లేనట్టు కుర్చీ పట్టుకుని లేచాడు. "స్టాన్లీ వోజ్‌చిక్. టొలీడో. మా వాడు మమ్మల్ని అడగనేలేదండీ." నవ్వులు. అతను నవ్వలేదు. ఆలోచించాడు. అంత మంది ముందు, అంతసేపు ఒక మనిషి ఆలోచించడం ఆల్మా ఎన్నడూ చూడలేదు. "ఔను" అన్నాడు.

తర్వాతిది ఒక సన్నటి అమ్మాయి. "లవీనియా టటిల్. జార్జియాలో మేకన్. నా మాట... కాదు." ఆమె గొంతు వణికింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా తల దించలేదు. "నేను నిజంగా అనుకునేది అదే. ఎవరో చెప్పమంటే చెప్పడం లేదు."

ఎవరో వెనక నుంచి కూత కూశారు. సుత్తి దెబ్బ ఠంగుమంది. "ఇక్కడ లేచి తన పేరు చెప్పుకున్న ఏ మనిషిని చూసీ ఎవరూ కూత కూయడానికి వీల్లేదు" అన్నాడు హ్యాథర్లీ. తర్వాత యాన్సీకి ఎలా చెప్పాడో అలాగే, అదే గొంతుతో, "మిస్ టటిల్, కృతజ్ఞతలు" అన్నాడు.

మిసిసిపీ చివరికి ఔనులు ఎక్కువై తేలింది. ఆ ముఖ్యుడు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జెండా సర్దాడు.

"మిజూరీ!"

మిజూరీ ముఖ్యుడు నోరు తెరిచేలోపే బృందంలోంచి ముగ్గురు లేచారు. "అధ్యక్షా, మమ్మల్నీ పేరుపేరునా అడగండి!"

ఆ తర్వాత మొంటానా. ఆ తర్వాత నెబ్రాస్కా. ఇంక ఎవరూ మొత్తం అనే మాట వాడలేదు.

వేసవి ముందరి ఎండ పడమటి కిటికీల్లోంచి లోపలికి వాలి నేల మీద సాగుతోంది. దాంతో పాటు పేర్లు సాగుతున్నాయి. పేరు, ఊరు, మాట. ఊరు చెప్పమని ఎవరూ అనలేదు. యాన్సీ చెప్పాడు గనక అందరూ చెబుతున్నారు. ఇటలీ పేర్లు, పోలెండ్ పేర్లు, పలకడానికి నాలిక తిరగని పేర్లు, ఆల్మా ఎప్పుడూ వినని ఊళ్ళు. రోజూ మూడు పూటలా పళ్ళెం చాచి వెళ్ళిపోయే మొహాలకి ఇవాళ పేర్లు మొలిచాయి. బాంబుల విమానంలో దారి చూపినవాడు లేచి, కాలు సరిగా నిలవక పక్కవాడి భుజం పట్టుకుని, ఔనన్నాడు. రేకుల ఇళ్ళ నుంచి చంటిబిడ్డని చంకనేసుకుని వచ్చిన ఒకాయన, బిడ్డ ఏడుస్తుంటే ఊపుతూనే, కాదన్నాడు. ఒకడు కాదు అని మొదలుపెట్టి, సగంలో ఆగి, "ఉండండి, ఒక్క నిమిషం" అని నేలకేసి చూసి, "ఔను రాసుకోండి" అన్నాడు. ఒక అమ్మాయికి గొంతు పెగల్లేదు. హాలంతా ఆమె కోసం ఆగింది. ఎవరూ దగ్గలేదు. చివరికి ఆమె పెదాలు కదిలితే, పక్కనున్నవాళ్ళు విని, "ఔనంటోంది అధ్యక్షా" అని చెబితే, హ్యాథర్లీ తల అడ్డంగా ఊపాడు. "ఆమే చెప్పాలి. మనకి తొందరేం లేదు."

ఆమే చెప్పింది.

ఆల్మాకి చిన్నప్పుడు ఓ చలికాలంలో తండ్రితో కలిసి గడ్డకట్టిన సరస్సు మీద నిలబడ్డ రోజు గుర్తొచ్చింది. కాళ్ళ కింద ఎక్కడో లోతున మంచు మూలిగింది. ఆ మూలుగు ఒడ్డు నుంచి ఒడ్డుకి పరుగెత్తింది. భయం, దాంతోపాటు భయం కానిదేదో, రెండూ కలిసి ఒళ్ళంతా పాకాయి. ఇప్పుడూ అలాగే ఉంది. ఇంత పెద్ద దేశమనేది ఎక్కడుంటుందా అని ఆమె అప్పుడప్పుడూ అనుకునేది. వాషింగ్టన్‌లో తెల్లటి గోపురం కింద ఉంటుందనుకుంది. అది ఇలా కుర్చీలు కిర్రుమంటుంటే, ఒక్కో మనిషిగా లేస్తుందని ఎవరూ ఆమెకి చెప్పలేదు.

న్యూయార్క్ వచ్చింది. కోల్‌గ్రోవ్ లేచి "థేయర్ కోల్‌గ్రోవ్, కొలంబస్, కాదు" అని స్పష్టంగా చెప్పాడు. అతని వెనక కూర్చున్న సొంత సంఘం కుర్రాళ్ళలో సగంమంది ఔనన్నారు. అతను ఒక్కొక్కరి వైపు తిరిగి చూశాడు. మొదట కోపంగా, పోనుపోను ఎప్పుడూ ఎరగనివాళ్ళని చూస్తున్నట్టుగా.

అయినా మొదట్లో గంపగుత్తగా పడ్డ కాదులు మరీ ఎక్కువ. విస్కాన్సిన్ అయ్యేసరికి నల్లబల్ల మీద కాదు సగం దాటిపోయింది. తీర్మానం ఓడిపోయింది. హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలినట్టయింది. కొందరు కోట్లు తీసుకుంటున్నారు. కోల్‌గ్రోవ్ వంగుకుంటూ వయోమింగ్ బల్ల దగ్గరికి వచ్చి ఆల్మా చెవిలో అన్నాడు. "అయిపోయింది. నీ ఓటుతో ఇప్పుడు పైసా పని లేదు. 'వయోమింగ్ వదులుకుంటోంది' అనెయ్. పైన మీ పెద్దాయనున్నాడు. ఊరికే ఎందుకు తెచ్చుకుంటావు?"

అతను బెదిరించడం లేదు. నిజంగానే ఆమె మంచి కోరి చెబుతున్నాడు. అందుకే ఆ మాట ఆమెని ఎక్కువ లాగింది.

"వయోమింగ్!"

ఆల్మా లేచింది. బృందం వైపు చూసింది. ఎనిమిది జతల కళ్ళు ఆమె మీదున్నాయి. వాళ్ళు మధ్యాహ్నం నుంచీ తమ వంతు కోసం లోపల్లోపల మాటలు కూర్చుకుంటున్నారని అప్పుడర్థమైంది ఆమెకి.

"అధ్యక్షా, వయోమింగ్‌ని పేరుపేరునా అడగండి" అంది.

ఎనిమిదిమందీ చెప్పారు. ముగ్గురు కాదన్నారు, మిగతావాళ్ళు ఔనన్నారు. ఇంక ఆమె వంతు. పై వరండాలో ప్రూయెట్ గారి టోపీ కనిపిస్తోంది. ఆమె దాన్నే చూస్తూ మాట్లాడింది, మరోవైపు చూస్తే మాట రాదేమోనని.

"ఆల్మా స్టెన్వాల్. మిషిగన్‌లో పైన్ లెడ్జ్." ఆగాలని అనుకోలేదు. ఆగలేదు కూడా. "నేను ఐజాక్ స్టెన్వాల్ కూతుర్ని. ఔను."

తండ్రి పేరు ఎందుకు చెప్పిందో ఆమెకే తెలీదు. ఆ హాల్లో ఆ పేరు ఎవరికీ తెలియదు. అయినా నిశ్శబ్దంలో అది ఎంత మామూలుగా, ఎంత బాగా వినిపించిందంటే, దీన్నా మేం ఇన్నేళ్ళు తలుపులేసుకుని దాచుకున్నది అనుకుంది.

"మిస్ స్టెన్వాల్, కృతజ్ఞతలు" అన్నాడు హ్యాథర్లీ. ఫలితం చెప్పడానికి సుత్తి ఎత్తాడు.

"ఆగండి!"

కాలిఫోర్నియా స్తంభం దగ్గర విన్నీ ఓట్స్ కుర్చీ ఎక్కి నిలబడింది. మొహం కందగడ్డలా ఉంది. "ప్రొఫెసర్ గారూ... కాదు, అధ్యక్షా! ఇది అన్యాయమండీ! మా ఓటు మేం వెయ్యలేదు. మా ముఖ్యుడు నారింజకాయ విసిరి వేసేశాడు! వీళ్ళందరూ చెప్పుకున్నారు. మేం చెప్పుకోవద్దా?"

"మేమూ చెప్పుకోలేదు!" అలబామా వైపు నుంచి ఎవరో అరిచారు. "మేమూ!" "మమ్మల్నీ అడగాలి!"

సుత్తి గాలిలోనే ఆగింది. హ్యాథర్లీ నిబంధనల పుస్తకం తిప్పాడు, వేలు తడి చేసుకుని ఇంకోసారి తిప్పాడు. "ఫలితం ప్రకటించనంతవరకూ ఏ రాష్ట్రమైనా తన ఓటు సరిదిద్దుకోవచ్చు. సభలో ఎవరూ అభ్యంతరం చెప్పకూడదు. ఒక్కరు కాదన్నా కుదరదు." కళ్ళద్దాల మీంచి చూశాడు. "ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

హాలంతా కోల్‌గ్రోవ్ వైపు తిరిగింది. గెలిచిన ఆట అతనిది. ఒక్క మాట చాలు. అతను ఇంకా వయోమింగ్ బల్ల పక్కనే, ఆల్మాకి చేయి చాపితే అందేంత దూరంలో నిలబడి ఉన్నాడు. అతని మెడ మీద నరం కొట్టుకోవడం ఆమెకి కనిపించింది.

"మిస్టర్ కోల్‌గ్రోవ్?"

"లేదండీ" అన్నాడతను. తర్వాత గొంతు సవరించుకుని, అందరికీ వినబడేలా, "న్యూయార్క్‌కి అభ్యంతరం లేదు అధ్యక్షా. వాళ్ళనీ అడగండి" అన్నాడు.

మళ్ళీ అలబామా నుంచి మొదలైంది. కోట్లు తీసుకున్నవాళ్ళు కూర్చున్నారు. ఎవరూ బయటికి వెళ్ళలేదు. ఎండ కిటికీల మీంచి జారిపోయింది, దీపాలు వెలిగించారు. నల్లబల్ల దగ్గరి అమ్మాయి పాత అంకెలు చెరిపి కొత్తవి రాస్తోంది. విన్నీ తన వంతు రాగానే "వినిఫ్రెడ్ ఓట్స్! మా ఊరు యూక్లిడ్! ఔను!" అని పైకప్పు ఎగిరిపోయేలా అరిచి, అందరికంటే ముందు తనే సిగ్గుపడింది.

చివరికి హ్యాథర్లీ అంకెలు రెండుసార్లు కూడి చూశాడు. "తీర్మానం నెగ్గింది" అన్నాడు. సుత్తి చాలా మెల్లిగా దించాడు.

కేకలు లేవలేదు. ఔనన్నవాళ్ళూ కాదన్నవాళ్ళూ ఒకేలా కూర్చుండిపోయారు. తాము చేసింది తమకంటే పెద్దదై ఎదురుగా నిలబడితే ఏం చెయ్యాలో తెలియనట్టు. బ్యాండు వాళ్ళకి ఏమీ పాలుపోక ఫుట్‌బాల్ పాట అందుకున్నారు. సగంలో తప్పని తెలిసి ఒక్కొక్క వాయిద్యమే ఆగిపోయింది. ఒక్క బాకా మాత్రం ఇంకాస్త దూరం ఒంటరిగా వెళ్ళింది. అప్పుడు నవ్వారు అందరూ.

అధ్యక్ష అభ్యర్థిగా కోల్‌గ్రోవ్ బలపరిచిన గవర్నరే గెలిచాడు. దక్షిణాది రాష్ట్రాలు లేచి వెళ్ళిపోలేదు. ఆ ఎన్నిక కాసేపట్లో అయిపోయింది. ఆ గవర్నర్ పేరేంటంటే తర్వాత చాలామందికి గుర్తు రాలేదు.

మెట్ల దగ్గర ప్రూయెట్ గారు ఆల్మాకి ఎదురుపడ్డాడు. ఆమె గోడకి అతుక్కుపోయింది.

"నీది ఏ ఊరన్నావు అమ్మాయ్?"

"పైన్ లెడ్జ్ అండీ."

"నువ్వన్నదాంతో నేను ఒప్పుకోను."

"తెలుసండీ."

ఆయన టోపీ చేతుల్లో తిప్పాడు. "నేనూ ఈ కాలేజీలోనే చదివాను" అన్నాడు చివరికి. "నన్ను ఎవరూ లేచి నిలబడి ఇలా చెప్పమనలేదు." ఆ మాట ఆమెతో అన్నాడో తనతో అన్నాడో. టోపీ పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆమె చదువు డబ్బు ఆగిపోలేదు. చివరి ఏడాది దాకా వస్తూనే ఉంది. ఆయన మాత్రం ఆ తర్వాత మహాసభలకి రాలేదు.

పేపర్లో ఆ సభ గురించి నాలుగు ముక్కలు వేశారు. అందులో ఆవుదూడ గురించే ఎక్కువ. మంగలి దుకాణం ఆ వేసవిలో మారలేదు. శరత్కాలంలో యాన్సీతో పాటు వెళ్ళి ఆ గుమ్మం ముందు నిరసనగా నిలబడ్డవాళ్ళలో స్టాన్లీ వోజ్‌చిక్ ఉన్నాడు, విన్నీ ఉంది. కోల్‌గ్రోవ్ రాలేదు గానీ, అటుగా పోతూ ఆగి వాళ్ళకి కాఫీ పంపించాడు. దుకాణదారు లొంగడానికి మరో చలికాలం పట్టింది. ఇవన్నీ తర్వాతి సంగతులు.

ఆ సాయంత్రం మాత్రం భోజనశాల ఆలస్యంగా తెరిచారు. వంటవాళ్ళు మాంసం ముద్దనీ బంగాళాదుంపల్నీ పొయ్యిలో రెండోసారి వెచ్చబెట్టారు, రెండూ అంచుల్లో మాడాయి. ఆల్మా ఏప్రన్ కట్టుకుని బంగాళాదుంపల గిన్నె ముందు నిలబడింది. వరస కదులుతోంది. ఆమె చేయి యథాప్రకారం పనిచేస్తోంది. కానీ ప్రతి పళ్ళెం వెనకా ఒక పేరుంది, ఒక ఊరుంది. టొలీడో వచ్చాడు. యూక్లిడ్ వచ్చింది. చంటిబిడ్డ ఆయన రెండు పళ్ళేలు పట్టుకుని వచ్చాడు. ఎవరూ గట్టిగా మాట్లాడుకోవడం లేదు. చర్చి నుంచి వచ్చినట్టున్నారు, కానీ చర్చి నుంచి వచ్చినప్పుడు ఎవరూ ఒకరి మొహం ఒకరు అంత పరీక్షగా చూసుకోరు.

మేకన్ అమ్మాయి లవీనియా టటిల్ వచ్చి పళ్ళెం చాపింది. ఆమె వెనకే క్లెమెంట్ యాన్సీ ఉన్నాడు. అది గమనించి ఆమె బిగుసుకుపోయింది. ఆల్మా గరిటె గాలిలోనే ఉండిపోయింది.

లవీనియా వెనక్కి తిరిగింది. "నేను కాదన్నాను. మీకు తెలుసుగా" అంది.

"విన్నాను" అన్నాడు యాన్సీ. "హాలంతా వినబడేలా చెప్పావు."

"నా గొంతు వణికింది."

"నాదీ వణికింది. మీ అందరికీ వినపడలేదా? నాకైతే పళ్ళు టకటకలాడుతున్నట్టే వినిపించింది."

ఆమెకి నవ్వాలో వద్దో తెలియలేదు. కొంచెం నవ్వింది. అతను ఆమె మీదుగా గిన్నెలోకి తొంగిచూశాడు.

"ఆల్మా స్టెన్వాల్, పైన్ లెడ్జ్" అన్నాడు. "ఆ అడుగున మాడని ముక్కలేమన్నా ఉన్నాయా? పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. భయం, ఏం చెయ్యను!"

"మేకన్‌కి ముందు" అంది ఆల్మా, గరిటె లోతుగా ముంచి. "వరసలో తనే ముందుంది."